మాత్రా? ఇంజెక్షనా? మూడో ఇడ్లీయా?

మీకు తెలుసా? గర్భనిరోధక మాత్రని అచ్చంగా పంచదారతోనే చేశారనుకుందాం. బరువు 100 మిల్లీగ్రాములు వేసుకుందాం. అందులో ఉండేది అర కేలరీ కూడా కాదు! నెలకి వేసుకునే 21 మాత్రలూ కలిపినా 8 కేలరీల చిల్లర. ఈ లెక్కన మాత్రలు తిని లావెక్కాలంటే డబ్బాలకి డబ్బాలు నమలాలి. మరి జాకెట్టు ఎందుకు బిగుతైంది? పదండి, దొంగని పట్టుకుందాం.

ఇంకో తూకం చూస్తారా? ఇప్పుడు ఎక్కువగా వాడే మాత్రల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ 30 మైక్రోగ్రాములు. ఏడాది పొడవునా ఒక్కటీ మరవకుండా వేసుకుంటే ఒంట్లోకి చేరేది మొత్తం 8 మిల్లీగ్రాముల పైచిలుకు. త్రాసులో అటు ఏడాది మందూ, ఇటు ఒక్క సన్నబియ్యం గింజా వేస్తే, ముల్లు గింజ వైపే మొగ్గుతుంది!

అమ్మమ్మల కాలపు మాత్ర మాత్రం ఇంత నాజూకుది కాదు. మీకు తెలుసా? 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి గర్భనిరోధక మాత్ర పేరు ఎనోవిడ్. ఒక్కో మాత్రలో ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్‌కి కృత్రిమ రూపం) 9.85 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ప్రొజెస్టిన్ ఎంత? 0.15 మిల్లీగ్రాములు. రసాయనం వేరే అనుకోండి, అయినా తూకంలో 65 రెట్లు తేడా! అప్పటి మాత్ర మూటగట్టుకున్న చెడ్డపేరు ఇప్పటి మాత్ర మోస్తోంది.

ఆ మొదటి మాత్రని ఎవరి మీద పరీక్షించారో తెలుసా? 1956లో ప్యూర్టో రికో ద్వీపంలోని పేద ఆడవాళ్ళ మీద. అక్కడ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే లెక్క తేల్చారు: 17 శాతం మందికి వికారమో, తలనొప్పో, కళ్ళు తిరగడమో. ఇన్ని ఇబ్బందులుంటే జనం ఒప్పుకోరని ఆవిడ మొహమాటం లేకుండా రాసిచ్చారు. నాలుగేళ్ళలో మాత్ర దుకాణాల్లోకి వచ్చేసింది. రిపోర్టు మాత్రం ఫైల్లో పడుకుంది!

1970లో అమెరికా సెనేట్‌లో మాత్ర భద్రత మీద విచారణ జరిగింది. డాక్టర్లు మాట్లాడారు, శాస్త్రవేత్తలు మాట్లాడారు. మాత్ర వాడే ఆడవాళ్ళని ఎంతమందిని సాక్ష్యానికి పిలిచారో తెలుసా? సున్నా! దాంతో ఆడవాళ్ళు గ్యాలరీలో లేచి నిలబడి అరిచారు. ఆ గొడవ ఫలితమే మాత్ర డబ్బాలో మడతపెట్టి ఉండే ఆ సన్నక్షరాల కాగితం. ఈసారి పారేసే ముందు ఒక్కసారి చదవండి, దాని వెనక చాలా గొంతులున్నాయి.

మీకు తెలుసా? ప్రొజెస్టిన్లలో తొలితరం తార నోరెథిస్టిరాన్. 1951 అక్టోబర్ 15న మెక్సికో నగరంలో తయారైంది. ముడిసరుకు? మెక్సికో అడవి దుంపలు! ప్రయోగశాలలో ఆఖరి అంకం పూర్తి చేసింది లూయిస్ మిరామొంటెస్ అనే విద్యార్థి. వయసు 26.

ఆ దుంపల మందు మనింటికి ఎప్పుడో వచ్చేసింది, తెలుసా? పెళ్ళికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి అడ్డొస్తుందని ముందే తెచ్చి వేసుకునే 'డేట్ వాయిదా మాత్ర' ఇదే. మామూలుగా రోజుకి మూడు, అంటే 15 మిల్లీగ్రాములు. ఇదే మందు గర్భనిరోధక మినీ పిల్‌గా ఇస్తే రోజుకి 0.35 మిల్లీగ్రాములే. 42 రెట్లు! అన్ని రెట్లు మింగినా ఆ కొద్దిరోజుల వాడకాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదన్నది ఇంకో విచిత్రం. వ్రతం రోజున పట్టుచీర నడుం దగ్గర ఇబ్బంది పెడితే పులిహోర మీదికి నెట్టకండి, పొట్ట ఉబ్బరం ఈ మాత్రకి పాత అలవాటు. రక్తం గడ్డకట్టే తత్వం, మైగ్రేన్ ఉన్నవాళ్ళు దీన్ని డాక్టర్‌ని అడగకుండా మందుల షాపులో కొనెయ్యడం మాత్రం నవ్వులాట కాదు.

సరే, అసలు ప్రశ్న. మాత్ర వల్ల లావవుతారా? మీకు తెలుసా, కోక్రేన్ సంస్థ 2014లో ఈ ప్రశ్న మీద ఏకంగా 49 ప్రయోగాలని జల్లెడ పట్టింది! అందులో మాత్ర వాడినవాళ్ళనీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళనో అసలేమీ వాడనివాళ్ళనో పక్కపక్కన పెట్టి చూసినవి నాలుగు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ కలిసిన మాత్ర వల్లే బరువు పెరుగుతుందనడానికి ఆ నాలుగింటిలోనూ ఆధారం దొరకలేదు. మాత్ర బోనులోంచి దిగి చీర సర్దుకుంది!

నమ్మబుద్ధి కావట్లేదా? 1999లో అచ్చయిన ఓ అమెరికన్ ప్రయోగం చూడండి. మొటిమల కోసం కొందరికి అసలు మాత్ర, కొందరికి ఏ మందూ లేని మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్ళకి తెలియదు. 'బరువు పెరిగాం' అన్నవాళ్ళు అసలు మాత్ర జట్టులో 2.2 శాతం. మందు లేని జట్టులో? 2.1 శాతం! తలనొప్పి అయితే ఉత్తుత్తి మాత్రవాళ్ళకే కాస్త ఎక్కువ వచ్చింది. మనసుకి ఏ కంపెనీ మందూ సరితూగదు సుమండీ.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇంకా ఓపికమంతులున్నారు. 19 ఏళ్ళ అమ్మాయిలని పట్టుకుని, వాళ్ళు నడివయసుకి వచ్చేదాకా బరువు చూస్తూనే ఉన్నారు! తేలిందేమిటో తెలుసా? మాత్ర వాడినా వాడకపోయినా ఏడాదికి సగటున 0.45 కిలో పెరుగుతూ పోయింది. పదేళ్ళలో నాలుగున్నర కిలోలు! నిందితురాలి పేరు వయసు. దాన్ని ఏ స్టేషన్‌లో పెట్టగలం?

ఇప్పుడు కోతుల వంతు. 2011లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు పది ఆడ రీసస్ కోతులకి దాదాపు 8 నెలల పాటు మాత్ర మందు పెట్టారు. సగం బొద్దువి, సగం మామూలువి. మామూలువి ఉన్నచోటే ఉన్నాయి. బొద్దు కోతులు మాత్రం 8.5 శాతం బరువు *తగ్గాయి*! పది కోతులు చెప్పిన మాటని పట్టుకుని మాత్రని జిమ్ముకి బదులు వాడకండి. కాకపోతే ఈసారి ఎవరైనా 'మాత్రా? అమ్మో, ఒళ్ళు!' అంటే కోతి కథ చెప్పడానికి పనికొస్తుంది.

మరి మొదటి నెలలో తూకం ముల్లు ఎందుకు కదులుతుంది? నీళ్ళు! ఈస్ట్రోజన్ కాలేయాన్ని తట్టి, ఉప్పునీ నీటినీ ఒంట్లో పట్టి ఉంచే వ్యవస్థని కాస్త మేల్కొలుపుతుంది. ఉంగరం బిగుతు, పొట్ట ఉబ్బరం, రొమ్ముల బరువు. మామూలుగా రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. కొవ్వు కాదు, నీళ్ళు. మీ ఒంట్లో ఓ చిన్న చెరువు నిండిందంతే!

మీకు తెలుసా? 9 గ్రాముల ఉప్పు ఒంట్లో సుమారు లీటరు నీటిని నిలబెడుతుంది. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసాలో ఉన్న లెక్క కూడా ఇదే. లీటరంటే తూకంలో కిలో! ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. కొత్త మాత్ర మొదలైన నెలా, కొత్త ఆవకాయ జాడీ తెరిచిన నెలా ఒకటే అయితే తగువు తీర్చడం మా వల్ల కాదు.

నీళ్ళు పట్టే మాత్రలే కాదు, నీళ్ళు వదిలించే మాత్రా ఉంది, తెలుసా? డ్రోస్పిరినోన్ అనే ప్రొజెస్టిన్ స్పైరోనోలాక్టోన్ అనే మూత్రం జారీ చేసే మందుకి దగ్గరి చుట్టం. 3 మిల్లీగ్రాములు దాని 25 మిల్లీగ్రాములతో సమానంగా ఉప్పుని బయటికి పంపిస్తుంది. ఉబ్బరంతో వేగలేనివాళ్ళకి డాక్టర్లు ఒక్కోసారి ఇది రాసేది అందుకే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి పనికిరాదు, పొటాషియం పెరుగుతుంది. మందుల్లోనూ మేనరికాలు ఇలా ఉంటాయి!

ఇక ఆకలి కథ. మీకు తెలుసా? మాత్రే వాడని ఆడవాళ్ళకి కూడా నెలలో రెండో సగంలో ఆకలి ఎక్కువ. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది, ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పైకి వెళుతుంది, తిండి కూడా రోజుకి సగటున నూటయాభై కేలరీల పైచిలుకు పెరుగుతుందని అధ్యయనాలు లెక్కగట్టాయి. నెలసరికి ముందు వారం మూడో ఇడ్లీ అడిగింది మీరు కాదు, మీ ప్రొజెస్టిరాన్. బిల్లు మాత్రం మీదే!

ప్రొజెస్టిన్ ఆకలి పెంచుతుందని డాక్టర్లకి ఎంత నమ్మకమో తెలుసా? దాన్ని ఆకలి మందుగానే వాడేస్తారు! మెజెస్ట్రాల్ అనే ప్రొజెస్టిన్‌ని 1993లో అమెరికా ఎయిడ్స్ రోగులకి ఆకలి పుట్టించడానికి అనుమతించింది. మోతాదు రోజుకి 800 మిల్లీగ్రాములు. అదే మెజెస్ట్రాల్ 1963లో బ్రిటన్‌లో వోలిడాన్ అనే గర్భనిరోధక మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉండేది. 200 రెట్లు! ఒకే మందు, ఒకచోట కాపలాదారు, ఇంకోచోట వంటమనిషి.

ఇంతసేపూ మాత్ర తరఫున వాదించాం. ఇప్పుడు ఇంజెక్షన్‌ని బోనెక్కిద్దాం, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం గట్టిది. మూడు నెలలకోసారి పొడిచే డీఎంపీఏ, 150 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2017 నుంచి 'అంతర' పేరుతో ఉచితంగా ఇస్తున్నది ఇదే. మీకు తెలుసా? బరువు పెరుగుతుందని దీని అమెరికన్ లేబులే ఒప్పుకుంటుంది, అదీ లెక్కలతో సహా! ఏడాది వాడినవాళ్ళకి సగటున 2.5 కిలోలు. రెండేళ్ళకి 3.7. నాలుగేళ్ళకి 6.3. ఆరేళ్ళకి 7.5 కిలోలు! నిందితుడే నేరం ఒప్పుకుని చలానా కూడా కట్టేశాడు.

ఆగండి, ఆ లెక్కలో వయసు వాటా కూడా ఉంది కదా? భలే ప్రశ్న! ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో 7,829 మందిని చీటీ తీసినట్టు మూడు జట్లు చేసి, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా చూశారు. ఇంజెక్షన్ జట్టు 3.5 కిలోలు పెరిగింది. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ జట్టు 2.4. హార్మోన్ చుక్క కూడా లేని కాపర్-టి జట్టు? అదీ 1.5 కిలోలు పెరిగింది! అంటే ఇంజెక్షన్ ఖాతాలో అచ్చంగా రాయాల్సింది 2 కిలోలు. మిగతాది రాగితీగ మీద రాద్దామా, అత్తగారి వంట మీద రాద్దామా?

మీకు తెలుసా? సగటు అనేది గొప్ప అబద్ధాలకోరు! ఇంజెక్షన్ తీసుకున్న చాలామందికి పెద్దగా ఏమీ కాదు, కొందరికి మాత్రం దబదబా పెరుగుతుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో తేల్చే చిట్కా ఒకటుంది: మొదటి ఆరు నెలలు. ఆ గడువులో మొదటి బరువు మీద 5 శాతం దాటి పెరిగితే, ఆ తర్వాతా పెరుగుతూ పోయే అవకాశం ఎక్కువ. 60 కిలోల మనిషికి 5 శాతం అంటే 3 కిలోలు. రెండు డోసుల తర్వాత తూకం చూసుకుని మూడో డోసు దగ్గర ఏఎన్ఎం అక్కతోనో డాక్టర్‌తోనో మాట్లాడితే సరి. ఆరేళ్ళాగి 'అయ్యో' అనడం కన్నా ఇది ఎంతో చవక!

అమెరికాలోని ఒహాయోలో 450 మంది టీనేజ్ అమ్మాయిలని 18 నెలలు చూశారు. ముందే ఊబకాయం ఉండి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు ఎంత పెరిగారో చెప్పగలరా? 9.4 కిలోలు! అదే ఒడ్డూపొడుగుతో మాత్ర వాడినవాళ్ళు 0.2 కిలోలు. అవును, ముందున్నది సున్నానే. ఇంజెక్షన్ నేరాన్నంతా మాత్ర మెడకి చుట్టడం ఎంత అన్యాయమో చూశారా?

ఇంజెక్షన్‌తో ఇంకో తిరకాసు: వేశాక వెనక్కి తియ్యలేం! మాత్ర నచ్చకపోతే రేపే మార్చుకోవచ్చు. ఇంజెక్షన్ మందు నెలల తరబడి తీరిగ్గా కరుగుతుంది. ఆపాక మళ్ళీ గర్భం నిలవడానికి చివరి డోసు నుంచి సగటున 10 నెలలు పడుతుందట. వచ్చిన అతిథి వెళ్ళే తేదీ చెప్పకపోతే వంటింటికి కష్టమే మరి.

ఇంజెక్షన్ చరిత్రలో హైదరాబాద్ పొలిమేర పేరు ఉందని మీకు తెలుసా? 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం మొదలైంది. ఇది ప్రయోగమన్న సంగతి వచ్చిన ఆడవాళ్ళకి సరిగ్గా చెప్పలేదంటూ స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు నిలదీశారు. మరుసటి ఏడాది వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. దేశం మొత్తం తెలిసిన ఆ కేసు మొదలైంది పటాన్‌చెరు ఆస్పత్రి వరండాలో! ఈ ఒక్క విశేషానికి జోకు లేదు. ఏది పొడుస్తున్నారు, ఏం కావచ్చు అని అడగడం మీ హక్కు, అంతే.

హార్మోన్ అంటేనే హడలా? మీకు తెలుసా, హార్మోన్ లేని గర్భనిరోధక మాత్ర ఒకటుంది, అదీ మన దేశపు సరుకు! లక్నోలోని సీడీఆర్ఐ శాస్త్రవేత్తలు కనిపెట్టిన సెంట్‌క్రోమన్. 1991లో 'సహేలీ'గా వచ్చింది, ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో 'ఛాయ'. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. వారానికి ఒక్కటి కాబట్టి మర్చిపోవడానికి ఆరు రోజుల సమయం దొరుకుతుంది, జాగ్రత్త!

మాలా-ఎన్ షీటులో 28 మాత్రలుంటే హార్మోన్ ఉన్నవి 21 మాత్రమే. మిగతా ఏడూ ఏమిటో తెలుసా? ఇనుము! రక్తహీనతకి ఇచ్చే ఐరన్ మాత్రలు. ఆ వారంలో బిర్యానీ మీదికి మనసు పోతే 'హార్మోన్ మాత్ర వేసుకున్నాగా' అనే సాకు చెల్లదు. తుప్పు పట్టిన సాకు అది.

ఓ రికార్డు వింటారా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో మాత్ర వాడే వివాహితలు 5.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు సుమారు 70 శాతం! తెలంగాణలో 60 శాతం పైనే. అంటే మన ఇళ్ళల్లో మాత్ర గురించి వాడినవాళ్ళ కన్నా, పక్కింటావిడ చెప్పగా విన్నవాళ్ళే ఎక్కువ. పుకారుకి ఇంతకన్నా మంచి నేల ఎక్కడ దొరుకుతుంది?

మీకు తెలుసా? మన అమ్మాయిల్లో చాలామంది మాత్ర మొదలుపెట్టేది పిల్లలు వద్దని కాదు, పీసీఓడీకి! పీసీఓడీకి సొంతంగానే బరువు పెంచే గుణం ఉంది. జబ్బూ మందూ ఒకే నెలలో పరిచయమయ్యాయి కాబట్టి, నేరం కొత్తగా వచ్చిన మందు మీద పడుతుంది. కొత్త కోడలు వచ్చిన నెలలోనే గేదె పాలు తగ్గడం మన కథల్లో కొత్తా?

గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది చూశారూ, దానిలో ఉండేది మొత్తం 52 మిల్లీగ్రాములు. మొదట్లో రోజుకి 20 మైక్రోగ్రాములు వదులుతుంది, అదీ ఎక్కువగా అక్కడికక్కడే పనిచేస్తుంది. గదిలో ఏసీ వేసుకుని ఇల్లంతా చల్లబరచనట్టు!

ఇప్పుడు ఇంకో సంచలనం. బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది కదా. దాని లేబుల్‌లో ఏముందో మీకు తెలుసా? అది కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో నోటితో మింగే గర్భనిరోధక మాత్ర రక్తంలోకి సరిగ్గా చేరకపోవచ్చు! అందుకని మొదలుపెట్టిన నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ కండోమ్ లాంటి ఇంకో రక్ష పెట్టుకోవాలి, లేదా మింగే పని లేని పద్ధతికి మారాలి. బరువు తగ్గితే అండం విడుదల కూడా గాడిలో పడుతుంది. నడుం సన్నబడాలని మొదలుపెట్టి, తొమ్మిది నెలలు నడుం కొలవలేని పరిస్థితి తెచ్చుకోకండి!

పొట్ట తగ్గించే బైపాస్ ఆపరేషన్‌దీ అదే పేచీ. పేగు దారి మారింది కాబట్టి మాత్ర ఒంటపట్టడం అనుమానమే. సర్జన్‌ని అడిగే ప్రశ్నల చీటీలో దీన్ని మొదటి వరసలో రాసుకోండి.

బరువే మందుని ఓడించగలదని తెలుసా? చర్మం మీద అంటించే గర్భనిరోధక ప్యాచ్ ప్రయోగాల్లో మొత్తం 15 గర్భాలు వచ్చాయి. అందులో 5, బరువు 90 కిలోలు దాటినవాళ్ళవి. ఆ ప్రయోగాల్లో అంత బరువున్నవాళ్ళు ఎంతమంది? 3 శాతం లోపే! పట్టీ చిన్నది, పటాలం పెద్దది.

2013లో యూరప్‌లో ఓ అత్యవసర మాత్ర కంపెనీ '75 కిలోల నుంచి పని తగ్గుతుంది, 80 దాటితే పనిచెయ్యదు' అని లేబుల్ మీద రాసేసింది. కలకలం! 2014లో యూరప్ మందుల సంస్థ, ఆ మాట చెప్పడానికి ఆధారాలు చాలవు, బరువుతో నిమిత్తం లేకుండా వాడొచ్చంది. అమెరికా నిపుణులు మాత్రం ఊబకాయం ఉంటే పని తగ్గవచ్చనే అంటారు. రెండు ఖండాలు, రెండు త్రాసులు. అన్నట్టు, ఎప్పుడో ఒక్కసారి వేసుకునే అత్యవసర మాత్ర లావు చేస్తుందని భయపడక్కర్లేదు, అది వారం తిరక్కుండానే సర్దుకుని వెళ్ళిపోతుంది.

సరే, తూకం ఎప్పుడు చూసుకోవాలి? మీకు తెలుసా, ఒకే రోజులో మనిషి బరువు కిలో నుంచి రెండు కిలోల దాకా ఊగుతుంది! పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు, అదే మిషన్ మీద, వారానికి ఒక్కసారి. అదీ నెలసరిలో అదే వారంతో పోల్చుకుంటేనే నిజం బయటపడుతుంది. పెళ్ళి భోజనం చేసొచ్చి మిషన్ ఎక్కేవాళ్ళకి దేవుడే దిక్కు.

155 సెంటీమీటర్ల ఎత్తున్న మన ఆడవాళ్ళకి బరువు ఎక్కడ హద్దు దాటుతుందో తెలుసా? సుమారు 55 కిలోల దగ్గర! భారతీయులకి బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్క, పాశ్చాత్యుల్లా 25 కాదు. నడుం కొలత 80 సెంటీమీటర్లు. టేపు అబద్ధమాడదు, బిగించి పట్టుకుంటే తప్ప!

ఆకలిని మచ్చిక చేసుకోవడానికి వేరే దేశం వెళ్ళక్కర్లేదు, తార్నాక చాలు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో మన దగ్గరికి వచ్చింది. 2024లో అది ఇచ్చిన మార్గదర్శకాల్లో పళ్ళెం బొమ్మ చూశారా? సగం పళ్ళెం కూరగాయలూ పళ్ళే! మన పళ్ళెంలో ఆ సగం స్థలాన్ని అన్నం ఎప్పుడో ఆక్రమించి పట్టా కూడా చేయించుకుంది. పంచదార రోజుకి 25 గ్రాములు, అంటే ఐదు చెంచాలు. టీలు లెక్కపెట్టుకోండి.

అదే సంస్థలో మహతాబ్ బామ్జీ బృందం దశాబ్దాల కిందటే గర్భనిరోధక మాత్ర వాడే ఆడవాళ్ళలో బి విటమిన్ల సంగతి పరిశోధించిందని తెలుసా? ప్రపంచం బరువు గురించి గొడవపడుతుంటే, తార్నాక వాళ్ళు పళ్ళెంలో ఏముందని అడిగారు. మా ఓటు వాళ్ళకే! పొద్దున ఇడ్లీ ఒక్కటే కాకుండా పెసరట్టో, గుడ్డో, గుప్పెడు శనగలో ఉంటే పదకొండింటికి బిస్కట్ ప్యాకెట్ చప్పుడు వినిపించదు. మాంసకృత్తులకి ఆ శక్తి ఉంది.

ఆకలికి అసలు సిసలు శత్రువు ఎవరో తెలుసా? అర్ధరాత్రి ఫోన్! 2004లో షికాగోలో 12 మందిని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆకలి హార్మోన్ గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి 24 శాతం ఎక్కువైంది. ఆ 12 మందీ మగవాళ్ళే, ఒక్కరూ గర్భనిరోధక మాత్ర ఎరగరు!

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులెత్తడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. నిండు బిందె మోసినా బరువే, పిల్లాణ్ణి ఎత్తుకున్నా బరువే. సీరియల్ హీరోయిన్ కష్టాలు మొయ్యడం మాత్రం లెక్కలోకి రాదు.

నవ్వులు పక్కన పెట్టే ఒక్క పేరా. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అది ఒళ్ళు రావడం కాదు, రక్తం గడ్డ కావచ్చు. వెంటనే ఆస్పత్రికి. వయసు 35 దాటి పొగ తాగేవాళ్ళకీ, బీపీ ఉన్నవాళ్ళకీ ఈస్ట్రోజన్ మాత్ర పనికిరాదు. బరువు కారణం లేకుండా పెరిగిపోతుంటే థైరాయిడ్ పరీక్ష, మాత్రలు మర్చిపోయిన రోజులుంటే గర్భం పరీక్ష. రెండోది మర్చిపోయి మొదటిదాని చుట్టూ తిరిగేవాళ్ళు ఊరికొకరు ఉంటారు!

మీకు తెలుసా? రెండు కిలోలు పెరుగుతామనే భయంతో షీటు మధ్యలో మాత్ర మానేస్తే జరగగలిగేది గర్భం. మామూలు బరువున్న ఆడవాళ్ళు గర్భంలో పెరగాల్సిందని అమెరికా నిపుణులు చెప్పే లెక్క 11.5 నుంచి 16 కిలోలు! నచ్చకపోతే షీటు పూర్తి చెయ్యండి, మూడు నెలల తూకం కాగితం చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంకో మాత్ర, ఛాయ, కాపర్-టి, లూప్... దుకాణం నిండా సరుకే.

ఆఖరి ప్రశ్న, ఇది మగవాళ్ళకి. మీకు తెలుసా? మీ మాత్ర కూడా తయారవుతోంది! పేరు డీఎంఏయూ. 2018లో అమెరికాలో ఫలితాలు చెప్పిన 28 రోజుల ప్రయోగాన్ని 83 మంది మగవాళ్ళు పూర్తి చేశారు. ఖాళీ కడుపున పనికిరాదు, భోంచేసి మరీ వేసుకోవాలి. మగ హార్మోన్లు తగ్గాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గింది, మరి బరువు? పెరిగింది! ఇంకా అంగళ్ళలోకి రాలేదు. వచ్చిన రోజున బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకుంటూ 'ఇదంతా మాత్ర వల్లే' అనే మొదటి బావగారెవరో చూడాలని మాకు మహా సరదాగా ఉంది!